వియ్యపురాలి మాత్రలు

ఫిబ్రవరి 17, మంగళవారం

వియ్యపురాలు దిగింది. గుడివాడ నుంచి కారులో, అద్దాలు దించి, మాస్కుతో. ఒక సూట్‌కేసు, బైబిలు, పాటల పుస్తకం, ఇస్త్రీ మడత నలగని తెల్ల చీరలు నాలుగు. ముక్కూ మూతీ మూసుకున్నా మగపెళ్ళివారి చూపు మాత్రం మూతపడలేదు. గుమ్మంలోనే మొదలు — “కిటికీలకి కర్టెన్లు లేవేంటి వదినగారూ?”

కరుణమ్మ గారు రెండు నెలలుగా దగ్గుతోందట. దుమ్మన్నారు, చలన్నారు. శుక్రవారం కళ్ళె పరీక్షలో టీబీ అని తేలింది. అన్నాళ్ళూ ఆవిడ పక్కలోనే పడుకుంది మా ఇద్దరి మనవరాలు, పది నెలల స్నేహ. సునీత ఫోనులో ఒకటే ఏడుపు — “అత్తయ్యని ఎక్కడ ఉంచనమ్మా?” నా దగ్గరికి పంపు, అన్నాను. ముప్పై ఏళ్ళు ఆడపిల్లలకి కెమిస్ట్రీ చెప్పాను. దగ్గు వినబడితే పారిపోయే వయసు ఎప్పుడో దాటింది.

బంధువులకి చెప్పే మాట — బందరులో గాలి మార్పు.

ఫిబ్రవరి 18

కిటికీలన్నీ బార్లా. ఈ క్రిమి గాలిలో తేలుతుంది. మూసిన గదిలో గంటల తరబడి తేలుతూనే ఉంటుంది. గాలి ఆడితే పలచబడి పోతుంది. ఇదంతా వివరంగా చెప్పాను. ఆవిడ చెవిన పడింది ఒక్కటే — దోమలొస్తాయని.

“టీబీ కంటే ముందు ఈ ఊరి దోమలే చంపేట్టున్నాయండీ.”

“దోమలకి తెర ఉంది. దీనికి లేదు.”

పరగడుపున మూడు మాత్రలు. నా ఎదుటే మింగాలి — ఆసుపత్రి సిస్టర్ పెట్టిన షరతు. ఆవిడకి పౌరుషం వచ్చింది. “నేను అబ్బాయి తల్లినండీ. నా మీద కాపలానా?”

“అందుకేగా నీళ్ళు వెండి గ్లాసులో ఇస్తున్నాను.”

మింగింది.

ఫిబ్రవరి 19

బాత్రూములోంచి కేక. రక్తం పోతోందని. రక్తం కాదు, మాత్రలోని రంగు. మూత్రం, చెమట, కన్నీళ్ళు... ఒంట్లోంచి వచ్చే నీరంతా నారింజ రంగుకి తిరుగుతుంది. మందు లోపలికి చేరిందనడానికి అంతకంటే గుర్తు అక్కర్లేదు. నిన్ననే చెప్పి ఉండాల్సింది. తప్పు నాదే. ఆ సంగతి ఆవిడకి చెప్పదలుచుకోలేదు.

ఫిబ్రవరి 22, ఆదివారం

భోజనమయ్యాక తన కంచం తనే కడుక్కుని, దూరంగా ఓ మూల బోర్లించింది. ఇదేమిటన్నాను.

“గుడివాడలో మీ అమ్మాయి వేరే పెట్టిందండీ.” తల ఎత్తలేదు.

కంచం వల్ల రాదు. గ్లాసు వల్ల రాదు. దగ్గినా, తుమ్మినా, గొంతెత్తి పాడినా గాలిలోకి వస్తుంది. ఆ గాలి పీల్చినవాళ్ళకి వస్తుంది. అంతే. ఆవిడ కంచం తెచ్చి నా కంచం మీద బోర్లించాను. తర్వాత పెరట్లోకి వెళ్ళి సునీతకి ఫోన్ చేసి దులిపేశాను. నా దగ్గరే చదువుకున్న పిల్ల!

స్నేహకి పరీక్షలు చేశారు, జబ్బు లేదు. ముందుజాగ్రత్త మందు మొదలుపెట్టారు. ఏప్రిల్ 19కి ఏడాది నిండుతుంది. ఆ లోపే ఈవిడకి రెండు నెలల మందు పూర్తయి, మళ్ళీ కళ్ళె పరీక్ష. క్రిమి కనబడకపోతే పిల్లని ఎత్తుకోవచ్చు. ఆవిడ క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టింది. రోజుకి నాలుగుసార్లు వెళ్ళి చూస్తోంది.

మార్చి 3

“దగ్గు తగ్గిందిగా, ఇంకా ఆరు నెలలెందుకండీ?”

పాఠం చెప్పాను. మామూలు సూక్ష్మజీవి ఇరవై నిమిషాల్లో రెండవుతుంది. ఇది రెండు కావాలంటే దాదాపు రోజు పడుతుంది. ఒంటికి మైనంలాంటి పూత — మందు ఓ పట్టాన దిగదు. కొన్ని కదలకుండా పడి ఉంటాయి, చచ్చినట్టే. సగంలో ఆపితే మిగిలేవి మొండి ఘటాలు. వాటి పిల్లలకి ఇక ఈ మందు లెక్కే ఉండదు.

“నిదానం, మొండితనం — అచ్చం మా అల్లుడు గారే,” అన్నాను.

“మావాడు నిదానస్తుడేనండీ. మీ అమ్మాయి తొందరకి తగ్గట్టు.”

ఈ పూట గెలుపు ఆవిడదే.

మార్చి 6

మందు సరిగ్గా పడుతోంది కాబట్టి చర్చికి వెళ్ళొచ్చంది సిస్టర్. చిన్నప్పుడు ఆవిడ పాడిన చర్చే. వెళ్ళీ వెళ్ళగానే ఈస్టరు క్వయర్‌లో చేర్చుకుంటారని నాకు తెలుసు. గొంతు అలాంటిది. ఆవిడ ముందు మాత్రం ఒప్పుకోను.

మార్చి 12

కిలోన్నర బరువు పెరిగింది. “ఇక్కడి నీళ్ళ మహిమ,” అని ఫోనులో కొడుక్కి చెబుతోంది. నీళ్ళట! నా ముద్దపప్పు ఏమైనట్టో.

మార్చి 30, సోమవారం

ఉతుక్కి బట్టలు తీశాను. వారం రోజుల రుమాళ్ళు — సోమవారం నుంచి శుక్రవారం దాకా మెడ తుడుచుకున్న చోటల్లా లేత నారింజ. నిన్నటి జాకెట్టు మాత్రం కొంగలా తెల్లగా ఉంది. నిన్న మట్టల ఆదివారం, ఎండలో ఊరేగింపు. తడిసి ముద్దయి వచ్చింది. అంత చెమటలో రంగు చుక్క లేదు!

జాకెట్టు పట్టుకుని అలాగే నిలబడ్డాను. తర్వాత వరండాలో కుండీలు వెతికాను. క్రోటన్ మొక్క మొదట్లో, మట్టి కింద దొరికాయి — సగం కరిగిన మాత్రలు.

పిలిచాను. ముందు బుకాయించింది. మాత్రలు అరచేతిలో పెట్టి చూపించాక కూర్చుంది.

“శని, ఆదివారాలేనండీ. నాలిక కింద దాచేదాన్ని.”

“ఎన్ని వారాలు?”

“మూడు.”

ఆరు రోజులు!

“ఎందుకు?”

“క్వయర్‌లో ముందు వరస నాది. మొదటి ఆదివారం చంకల్లో కాషాయం రంగు దిగింది. ‘పసుపు పడిందా వదినా’ అని అడిగింది వెనకావిడ. తెల్ల చీర మీద ఏం చెప్పుకోను? ఇల్లిల్లూ తెలిసిపోదా? రేపు స్నేహని ఎవరన్నా ముట్టుకుంటారా?”

“పరువుని చంకలో పెట్టుకుని తిరుగుతున్నారన్నమాట.”

ఏడ్చింది. అనకుండా ఉండాల్సింది.

మార్చి 31

సిస్టర్‌తో నేనే చెప్పాను, ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుని. చీవాట్లు ఇద్దరికీ పడ్డాయి. నాకెందుకు పడకూడదు? ముప్పై ఏళ్ళు పరీక్ష హాల్లో కాపీ చీటీలు పట్టినదాన్ని, గొంతు కదలడం చూశాను కానీ నోరు చూడలేదు. క్వయర్ బంద్. చర్చికి వెళ్తే మాస్కుతో, కిటికీ పక్కన. ఇవాళ్టి నుంచి మింగాక నోరు తెరవాలి, నాలిక ఎత్తాలి. ఎత్తింది. కళ్ళు మాత్రం గోడ మీద.

ఏప్రిల్ 1

పెడన వెళ్ళి కలంకారీ చీర తెచ్చాను, మంజిష్ఠ ఎరుపు. చెమట ఏ రంగు దిగినా కనబడదు. పటిక నీళ్ళలో తడిపితేనే బట్టకి రంగు పట్టుకుంటుందని అద్దకం ఆయన నాకే పాఠం చెప్పాడు. నోరు మూసుకుని విన్నాను — జీవితంలో మొదటిసారి.

ఆవిడ చీరని రెండు వేళ్ళతో ఎత్తి చూసింది. “గుడ్ ఫ్రైడేకి ఎర్ర చీరా! మీకు కెమిస్ట్రీ తప్ప భక్తి లేదండీ.” మడత విప్పకుండా బీరువాలో పెట్టింది.

అయితే రేపు, ఎల్లుండి కూడా మాత్రలు మానాలనేనా? అడగలేదు. నోరు చూస్తే తెలుస్తుంది.

ఏప్రిల్ 3, శుక్రవారం

పొద్దున మాత్రలు మింగింది. అడక్కుండానే నాలిక ఎత్తింది. తెల్ల చీరే కట్టింది.

చర్చిలో వెనక వరస, కిటికీ పక్కన. మూడు గంటల ఆరాధన, పైన ఫ్యాను చప్పుడే కానీ గాలి లేదు. మధ్యాహ్నానికి జాకెట్టు చంకల్లో నారింజ రంగు. నేను చూసీ చూడనట్టున్నాను. ముందు బెంచీ ఆవిడ వెనక్కి తిరిగింది — “ఇదేం మరక వదినా? పాడటం కూడా మానేశావేంటి?”

“టీబీ మందమ్మా. ఒంట్లోంచి రంగు దిగుద్ది.” గుసగుస కాదు, మామూలు గొంతు.

ఇద్దరు అటు జరిగారు. ఒకావిడ మాత్రం లేచి ఇటొచ్చి, మా తమ్ముడు నెల నుంచి దగ్గుతున్నాడు, పరీక్ష ఎక్కడ చేస్తారని అడిగింది. కరుణమ్మ గారు వేళలతో సహా చెప్పింది. పాఠం నాదే. మైనం పూత, ఇరవై నిమిషాలు, అన్నీ వరసగా... నాకంటే బాగా చెప్పింది.

ఇంటికొచ్చాక అన్నం ఎక్కువ వడ్డించాను.

ఏప్రిల్ 16

పరీక్ష ఫలితం. కళ్ళెలో క్రిమి ఇంకా ఉంది.

చచ్చినవి కావచ్చు, బతికున్నవి కావచ్చు, మందుకి లొంగనివీ కావచ్చు — డాక్టరు మాట. తేల్చడానికి మళ్ళీ కళ్ళె తీసి పెద్ద ల్యాబుకి పంపారు. మందు ఆపొద్దన్నారు. ఆ ఆరు రోజుల వల్లే ఇలా అయిందని డాక్టరు అనలేదు. కాదనీ అనలేదు.

దారంతా ఆవిడ కిటికీలోంచి బయటికే చూస్తోంది. ఇంటికొచ్చి క్యాలెండర్ వైపు వెళ్ళలేదు.

ఏప్రిల్ 19, ఆదివారం

గుడివాడ. మేమిద్దరం లోపలికి వెళ్ళలేదు, గేటు బయటే. సునీత పిల్లని ఎత్తుకుని వచ్చింది. పసుపు గౌను, నెత్తి మీద నిలవని టోపీ. స్నేహ నన్ను అసలు పట్టించుకోలేదు. మాస్కు ఉన్నా నాయనమ్మని గుర్తుపట్టి రెండు చేతులూ చాపి ఒకటే ఊగులాట. సునీత తెలియకుండానే గేటు దాటి ముందుకి వచ్చింది.

ఆరుబయలు... గాలి ఆడుతోంది... మాస్కుంది... ఒక్క క్షణమైతే... నేనింకా ఆలోచిస్తున్నాను. ఆవిడే ఒక అడుగు వెనక్కి వేసింది. తర్వాత ఇంకొకటి.

“వద్దమ్మా సునీతా, అక్కడే ఉండు. కనబడుతోందిగా.”

అందరూ పుట్టినరోజు పాట పాడారు. ఈవిడ గొంతు విప్పలేదు. పాట అయ్యేదాకా చప్పట్లు కొట్టింది.

ఏప్రిల్ 22

ఫలితం రాలేదు. రేపో ఎల్లుండో అన్నారు. లొంగని రకమైతే మందు మార్చాలి, కొత్త మందు, కొత్త లెక్క. ఏదైనా సరే, ఈ ఇంట్లోంచి కదలనివ్వను. ఆ మాట నిన్ననే చెప్పాను. “నేను వెళ్తానన్నానా?” అంది.

ఇవాళ నేను లేచేసరికి ఏడున్నర. మాత్రల వేళ ఆరున్నర. పరుగున వరండాలోకి వెళ్తే ఆవిడ కూర్చుని ఉంది. పక్కన ఖాళీ గ్లాసు, ఖాళీ అట్ట.

“లేపలేదేంటండీ?”

“గురక పెడుతున్నారు. జాలేసింది.”

“మింగారా?”

“మింగాను. మళ్ళీ మింగమంటే రెండు రోజుల మోతాదు అవుద్ది, మీ సైన్సు ఒప్పుకోదు.” ఖాళీ అట్ట నా వైపు జరిపింది. “నమ్ముతారా వదినగారూ?”

కాఫీ పెట్టే మిష మీద వంటింట్లోకి వచ్చేశాను. ఇది రాసేసరికి డికాషన్ దిగింది. ఆవిడ ఇంకా వరండాలోనే ఉంది, మొహం ఇటు తిప్పి.