విషమన్న నీళ్లు

ఆళ్లగడ్డ

యెషయా బావకు, లూదియా వందనాలు. దేవుని దయ వల్ల అత్తా, మామా, నేనూ ఇక్కడ కులాసా. సరిహద్దులో మీరూ, మీ తోటివాళ్లూ చల్లగా ఉండాలని రోజూ ప్రార్థిస్తున్నాం. మీ దగ్గర ఫోన్లు వాడనివ్వరు గనక ఉత్తరమే మనకు దిక్కు.

అత్తకు మోకాలి నొప్పి తగ్గిందా అని అడిగారు. తగ్గింది. మొన్న ఒక్కతే బస్సెక్కి నంద్యాల చర్చికి వెళ్లొచ్చింది. "నాకేమైందిలే, బాగుండానని వానికి రాయి" అంటోంది.

ఈ కాలంలో శత్రువు తుపాకీతోనే కాదు, ఫోన్లలోనూ వస్తాడని, పుకార్లతో మనలో మనకే తగవు పెట్టడం కొన్ని దేశాల యుద్ధతంత్రమని రాశారు. మన ఊళ్లో అట్లాంటివి జరిగాయా అని అడిగారు. ఒకటి జరిగింది బావా.

సరిహద్దులో కాల్పులు మొదలైన వారంలో అందరి ఫోన్లకూ ఒక వీడియో వచ్చింది. ఎవడో నీళ్ల ట్యాంకులో తెల్లటి పొడి పోస్తున్నాడు. 'ఆళ్లగడ్డ నీళ్లలో విషం, శత్రువు మనుషులు ఊళ్లోనే ఉన్నారు' అని కింద రాత. ఎవరు పుట్టించారో ఇప్పటికీ తెలియదు. సాయంత్రానికి జనం మన వీధి ట్యాంకు చూసుకునే మస్తాన్ అన్నను చుట్టుముట్టారు. ఎరువుల అంగడి ఆదినారాయణ ఆయన చొక్కా పట్టుకున్నాడు.

"ఎవురు చెప్తే కలిపినావ్? నిజం చెప్పు!"

"బ్లీచింగు పొడి తప్ప నేనేం కలపలేదప్పా. మా పిల్లోళ్లు గూడా ఇవే తాగుతాండారు."

ఎవరూ వినలేదు. కొందరు రాళ్లు ఏరుకుంటున్నారు. బడి నుంచి వస్తూ నేనది చూశాను. వీడియో ఆపి చూస్తే ఆ ట్యాంకు మీద రాత అసలు తెలుగే కాదు. అరిచి చెప్పాను. "నువ్వు పక్కకు పోమ్మా" అన్నారు. ఇక మాటలతో కాదనిపించి, కొళాయి తిప్పి దోసిలి పట్టి కడుపునిండా తాగాను.

గోల ఆగింది. పోలీసులు వచ్చేదాకా మస్తాన్ అన్న పక్కనే కూర్చున్నాను. ఆదినారాయణ నా ముఖమే చూస్తూ నిలబడ్డాడు. నాకేమీ కాలేదు. చివరికి అతనూ వచ్చి దోసిలి పట్టాడు. తాగి, "తప్పైపోయిందప్పా మస్తానూ" అన్నాడు. ఇప్పుడు ఏ వీడియో వచ్చినా నేరుగా బడికే వస్తాడు. "టీచరమ్మా, ఇది నిజమా, ఎవురన్నా పుట్టించినారా?" అని అడిగాకే ఇంకొకరికి పంపుతాడు.

ఒక మాట దాచాను, కోప్పడొద్దు. నెల తప్పిందని ఆ రోజు పొద్దుననే పరీక్షలో తెలిసింది. దోసిలి పట్టినప్పుడు కడుపులోని బిడ్డే గుర్తొచ్చింది. నీళ్లు మంచివేనని తెలిసీ ఒక్క క్షణం ఆ వీడియోను నమ్మాను. ఆ భయమే వాళ్ల ఆయుధమని అప్పుడు అర్థమైంది.

నిన్న నంద్యాల డాక్టరమ్మ స్కాన్ చేసి బిడ్డ గుండె చప్పుడు వినిపించింది. ఎంత గట్టిగా కొట్టుకుంటోందో బావా! పేరు మీరే ఆలోచించి రాయండి.

ఇట్లు,
మీ భార్య, మీ బిడ్డకు తల్లి కాబోతున్న
లూదియా