విరిగిన క్రాంక్ షాఫ్ట్ తర్వాత మిగిలినవాటి పంపకం

మోదెనా నగరంలో రేసు కార్ల ఇంజన్ల షెడ్డు నడిపిన కీర్తిశేషులు అర్రీగో మాలగోలి భార్యను, ఇల్వాను. మోకాళ్ళు నా మాట వినడం లేదు గానీ బుర్ర ఇంకా వింటోంది. ఎవరూ బెదిరించకుండా, బతిమాలకుండా, నోటరీ గారి ఎదుట ఇష్టపూర్వకంగా ఈ వీలునామా రాయిస్తున్నాను. ఇంతకుముందు రాయించినవేవీ చెల్లవు.

1. నా తమ్ముడి కొడుకు రుజ్జేరోకి నా ఇల్లు, అటక మీది వెనిగర్ పీపాలు సర్వహక్కులతో చెందుతాయి. ఆ వెనిగర్ పండడానికి ఏళ్ళు పడుతుంది, పీపాల దగ్గర తొందరపడకూడదు. వాడికి కాస్త ఓపిక వస్తుందని ఆశ.

2. ఎర్ర రేసు కారు వాడికి కాదు. "అత్తా, ఇంజన్‌కి బిగించిన ఆ ఉక్కు వలయం పీకేస్తే కారు అసలు రూపానికొస్తుంది, పాత కార్ల ప్రదర్శనలో మార్కులు పడతాయి" అన్నాడు. మార్కులు వేసేవాళ్ళెవరూ అందులో కూర్చోరు. ఆ కారు నా మరిది లెయార్కో కూతురు నివెస్‌కి చెందుతుంది. వలయం తీయకూడదన్నది షరతు.

ఎందుకో కూడా రాయిస్తున్నాను. ఆ కారులోని పాత ఆరు సిలిండర్ల ఇంజన్ని మరింత వేగంగా తిరిగేలా మార్చింది నా భర్త. ఇంజన్ బలాన్ని చక్రాలకి అందించే ఇరుసు, క్రాంక్ షాఫ్ట్, తనే చేశాడు. తిరిగేటప్పుడు ఊగకుండా తూకం నేను చూశాను. రవ్వంత తేడా లేదు. కొండ పందెంలో లెయార్కో నడుపుతుండగా అది విరిగింది. దాని కొసనుండే బరువైన చక్రం, ఫ్లైవీల్, ముక్కలై దూసుకొచ్చి అతని కుడి పాదం తీసేసింది.

"నీ ఇనుమే నా కాలు తిన్నది, అన్నా" అన్నాడు ఆసుపత్రి మంచం మీంచి.

"నిమిషానికి ఆరున్నర వేల చుట్ల దగ్గర నిలపొద్దు, అలాంటి ఇంజన్లు అక్కడే విరుగుతున్నాయట, దాటెయ్యమని చెప్పానా లేదా?" అన్నాడు నా భర్త.

ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. అర్రీగో శవపేటిక వెళ్తుంటే లెయార్కో శ్మశానం గేటు బయటే కర్ర పట్టుకుని నిలబడ్డాడు.

తర్వాత నేనే అతన్ని షెడ్డుకి పిలిచి, ఎందుకు నిలిపావని అడిగాను. "ఒట్టు వదినా, అక్కడ కారు వెన్నలా పోతోంది. చేతికి వణుకు లేదు, కాలికీ లేదు. తెలిస్తే పెడల్ మీంచి కాలు తియ్యనా?"

అప్పుడు నాకు వెలిగింది. షాఫ్ట్ ఊగలేదు, మెలి తిరిగింది. తడిబట్ట పిండినట్టు ఇటూ అటూ. సిలిండర్లో పేలుడు పేలుడుకీ ఓ మెలి. ఒకానొక వేగం దగ్గర ఆ మెలికలు ఒకదానిమీదొకటి పేరుకుంటాయి. నడిపేవాడికి తెలియదు. తూకం యంత్రానికీ తెలియదు.

ఇద్దరం కలిసి అలాంటిదే కొత్త షాఫ్ట్ చేసి, దాని ముందు కొసన, రబ్బరు మధ్యలో పెట్టి, బరువైన ఉక్కు వలయం బిగించాం. షాఫ్ట్ మెలి తిరగబోతే వలయం వెనక్కి లాగుతుంది, రబ్బరు ఆ దెబ్బ మింగుతుంది. ఇంజన్ని పరీక్ష బల్లకెక్కించి మెలి ఎంతో కొలిచాం. వలయం లేనప్పుడు ఆరున్నర వేలకి చేరకముందే మీటరు ముల్లు అదిరిపోయింది. వలయంతో కదలీ కదలనట్టుంది. లెయార్కో ఇంజన్ ఆపి కుర్చీలో కూలబడ్డాడు.

"తప్పు అన్నయ్యది కాదు వదినా. నాదీ కాదు. ఈ ముక్క ఇప్పుడు ఆయనకెవరు చెప్తారు?"



3. నివెస్, రబ్బరు గట్టిపడుతుంది. గట్టిపడిందంటే మార్చు. పెద్దమ్మ చాదస్తం అని నవ్వుకో, పర్లేదు. కానీ మెత్తగా పోతోంది కదా అని నమ్మకు. కారుని గాజు గదిలో పెట్టకు, నడుపు.

4. అర్రీగో గొర్రెతోలు కోటు లెయార్కోకి. అన్నదమ్ములిద్దరి కొలతా ఒకటే. బీరువాలో దాచకుండా వేసుకోవాలి.

5. శ్మశానంలో అర్రీగో పక్కన నాకోసం ఉంచిన, శవపేటిక పెట్టే గోడ గూడు కూడా లెయార్కోకే ఇస్తున్నాను. నన్ను ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెట్టండి. అర్రీగోతో నేను మాట్లాడాల్సినవన్నీ ఆయన బతికుండగానే మాట్లాడేశాను.

మోదెనా, 14 నవంబరు 2009

(సంతకం) ఇల్వా మాలగోలి

సాక్షులు: ఫాస్టో బెర్గాంజీని, మందుల షాపు యజమాని
దీనా కొర్రాదీ, పక్కింటావిడ