అత్తకు చెప్పని ఏర్పాటు

తమ్ముడూ,

ఈ చీటీ బస్సు కండక్టరుతో పంపుతున్నాను. మా అత్త మీ ఇంటికి వస్తే బయటికి పోనీయకు.

బొగ్గుబాయిలో ప్రమాదమై సైరన్ మోగితే ఎవరు ఏం చెయ్యాలో మీ బావా నేనూ ముందే అనుకున్నాం. నేను కాగితాల డబ్బా పట్టుకొని బాయి గేటుకు పోవాలి. పక్క క్వార్టరు సుగ్రా బీ బడికి పోయి పిల్లలను చూడాలి. అత్తకు మాత్రం చెప్పలేదు. మామ బాయిలోనే పోయాడు కదా, ఆ మాటెత్తితేనే వణుకుతుంది.

సోమవారం పగలు సైరన్ మోగింది. అనుకున్నట్టే అందరం ఉరికాం. తీరా గేటు దగ్గర, ప్రమాదమేమీ లేదు, అలవాటు కోసం మోగించామన్నారు.

అత్తకు చెవుడు, సైరన్ వినపడదు. అంగడి నుంచి వచ్చేసరికి ఇంటికి తాళం, క్వార్టర్ల లైనంతా ఖాళీ. మామ పోయిన రోజూ ఇట్లాగే ఉండెనట. ఇంకెవరినీ అడగలేదు. "నా కొడుకు పోయిండు, సుట్టాలకు చెప్పాలె" అని ఏడ్చుకుంటూ బస్సెక్కిందని బస్టాండు దగ్గరి హోటలాయన చెప్పాడు.

మూడు రోజులుగా మీ బావ డ్యూటీ మానేసి వెతుకుతున్నాడు. ఏ ఊరికి పోయినా ఆమె అప్పటికే చెప్పి వెళ్ళిపోయింది. ఆయన్ని చూసి ఆడవాళ్ళు కెవ్వుమంటున్నారు. ఆమె ఎక్కడా అన్నం ముట్టలేదట. ఇక మీ ఇల్లొక్కటే మిగిలింది. వచ్చి పోయిందని మాత్రం రాయకు తమ్ముడూ.

వస్తే, ఆమె నోరు తెరవకముందే చెవి దగ్గర గట్టిగా చెప్పు: "నీ కొడుకు ఎల్లేశం బతికే ఉన్నడత్తా. నిన్నే దేవులాడుకుంట ఎనకనే వస్తుండు."

అక్క