మంచు మీదికి ఒక్కరే

అక్కా,

నీ చిన్నకూతురు ఈ ఉత్తరం నీకు చదివి వినిపించేటప్పుడు అమ్మ పక్కన లేకుండా చూడు. హిమానీనదం మీద పరిశోధనకు మా ల్యాబు నుంచి ఒక్కరినే పంపుతున్నారు. వెళ్ళేది నేను కాదు, నా పక్క బల్ల అమ్మాయి. వాళ్ళింట్లో తాత, తండ్రి కూడా సైంటిస్టులే.

చెక్కకున్నట్టే మంచుకూ ఒక వాటం ఉంటుంది. ఏ వైపు నుంచి నొక్కితే ఎంత బరువు ఆపుతుందో చూడడమే మా పని. నిన్న చలిగదిలో ఆమె, పైవైపు తెలిసేలా బాణం గుర్తు వేసిన మంచుముక్కను యంత్రంలో అడ్డంగా పెట్టింది. నేను నోరు మూసుకుంటే ఆమె లెక్కలు తప్పేవి, ఆ ప్రయాణం నాదయ్యేది. ఉండబట్టలేక, "బాణం గుర్తు పైకి ఉండాలి కదే!" అనేశాను.

తప్పు నేను పట్టుకున్నానని ఆమె సంతోషంగా వెళ్ళి సారుకు చెప్పింది. ఆయన నన్ను పిలిచి, "ఇంత జాగ్రత్త గల మనిషి ఇక్కడే ఉండాలమ్మా. లేకపోతే ఈ ల్యాబు ఎవరు చూస్తారు?" అన్నారు. కడుపు రగిలిపోయిందక్కా. చదువుకున్నదానికి ఇంత కుళ్ళేమిటని నవ్వుకుంటే నవ్వుకో.

సాయంత్రం ఆమె మళ్ళీ వచ్చి, "నీ స్వెట్టర్ ఇస్తావా? ఇంత వెచ్చటిది బజారులో దొరకడం లేదు" అంది. నువ్వు అల్లిందే. పట్టకూడదని కోరుకుంటూనే ఇచ్చాను. నాకన్నా ఆమెకే బాగా నప్పింది.

నాకు ఇంకొకటి అల్లిపెట్టు. ఈసారి నాకు తప్ప ఇంకెవరికీ పట్టకూడదు.

నీ చెల్లెలు