గాజు పెట్టెలో గ్లౌజు

మోడెనా,
1998 నవంబరు 16.

తమ్ముడు లోరిస్‌కు అక్క నివెస్ ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ అందరం కులాసా, నా కోపం తప్ప. నిన్న మధ్యాహ్నం మొదలైంది, ఇంకా తగ్గలేదు.

సినిమా హీరో ఫౌస్తో మెరిగీ కారు రేసుల్లో వాడిన సామాన్ల పిచ్చి నీకు ఈనాటిది కాదు. ఆయన కళ్లద్దాలు, హెల్మెట్, ఆఖరికి నమిలి పారేసిన చుట్ట ముక్క కూడా నీ బీరువాలో ఉంది. పోనీలే అని ఊరుకున్నాను. కానీ నిన్న వేలం వేసే ఆ మిలానో పెద్దమనిషిని వెంటబెట్టుకొచ్చి, నేను తోర్తెల్లీని సూపు వడ్డిస్తుంటే గిన్నెల మధ్య ఆ గాజు పెట్టె పెట్టావు చూడు, అప్పుడు ఒళ్లు మండింది.

లోపలున్నది, నాన్న పోయాక ఆయన పనిముట్ల పెట్టెలో నీకు దొరికిన గ్లౌజు. మణికట్టు మీద మెరిగీ పేరు, చీరుకుపోయిన అరచేతి నిండా ఎండిన నెత్తురు. ఆ మనిషి దాన్ని ముక్కుకి ఆనించి, కళ్లు మూసుకుని పీల్చాడు. ఆహా, ఇంకా వాసనుందండీ, మండే కారులోంచి తనంతట తాను పాక్కుంటూ బయటికొచ్చిన మొనగాడి నెత్తురండీ ఇది అన్నాడు. ఉతికితే చెత్తబుట్టకే, ఉతక్కపోతే బంగారం అని నవ్వాడు. నువ్వేమో పళ్లికిలించి, అక్కా, సారుకి ఇంకో గరిటె పొయ్యవే అన్నావు. ఛీ! ఆ గరిటెతో నీ నెత్తిన ఒక్కటి వెయ్యాల్సింది. సూపంతా సింకులో పోశాను.

వెళ్తూ వెళ్తూ నాకో పని అప్పజెప్పావు. ఆ కొండ రేసు రోజున నువ్వక్కడే ఉన్నావు కదే, పన్నెండేళ్ల పిల్లవి, శనివారం వేలంలో నాలుగు ముక్కలు చెబితే నీ సొమ్మేం పోయిందే అని. చెప్పను. నెత్తురు వాసన చూపించి బేరమాడే చోట నేను నిలబడను. దాచమని పెట్టె నా దగ్గరే వదిలావుగా, బకెట్లో సబ్బునీళ్లు కలిపి పెట్టాను.

నాన్న ఆ వంకర వేళ్లతో చెంచా పట్టలేక సూపు ఒలకబోసుకునేవాడు. టీవీలో మెరిగీ సినిమా వస్తే లేచి వెళ్లిపోయేవాడు. ఎందుకని నువ్వెప్పుడూ అడగలేదు.

బావ నిన్ను అడిగినట్టు చెప్పమన్నారు.

నీ అక్క,
నివెస్

తా.క.: కవరు అంటించబోయి ఆగాను. ఇక దాచలేను. ఆ రోజు మెరిగీ గ్లౌజులు వేసుకోలేదు. ఫొటోల్లో చేతులు అందంగా పడాలని వాటిని తీసి మెకానిక్కు మీదికి విసిరాడు. ఆ మెకానిక్కు నాన్నే. కారు అంటుకోగానే అవే తొడుక్కుని పరుగెత్తి, పగిలిన అద్దంలోంచి చెయ్యి పెట్టి అతన్ని బయటికి లాగాడు. నేను కళ్లారా చూశాను. తనంతట తానే బయటపడ్డానని మెరిగీ పేపర్లకు చెప్పుకున్నాడు. మనిషి బతికాడు కదా, చాల్లేవే అని నాన్న నా నోరు కట్టేశాడు. అప్పటికి నువ్వింకా పుట్టలేదు.

గ్లౌజు ఉతకలేదురా. ఉతకడానికి చేతులు రాలేదు. అమ్ముకుంటానంటే వచ్చి తీసుకెళ్లు. వంకర చెయ్యి, నేను పట్టుకోను అని బడి గేటు దగ్గర ఏడ్చి విదిలించుకునేవాడివే, ఆ చేతిదే ఆ నెత్తురు.