మా రింకు, నా ముక్కు

శీతల యంత్రాల ప్రధాన తనిఖీ అధికారి గారి సముఖమునకు, రోవన్ క్రీక్ ఐస్ హాకీ రింకులో ముప్పై ఒక్క ఏళ్లుగా మంచు వేస్తున్న మెట్రో హ్లుష్కో వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా రింకు యంత్రాలను రేపు మధ్యాహ్నంలోగా ఆపివేయవలెనని తమ శాఖ ఇచ్చిన నోటీసును రద్దు చేయుట గురించి.

1. సోమవారం నాడు తమ శాఖ తరఫున వచ్చిన కుమారి లవాలే, యంత్రాల గదిలో, మంచు గడ్డకట్టించే అమ్మోనియా వాయువు కారితే మోగే అలారానికి, మోత వినబడకుండా హాకీ మేజోడు తొడిగి ఉన్నట్లు వ్రాసుకొనిపోయారు. నిజమే, తొడిగినది నేనే. ఈ నెలలో అది మూడుసార్లు ఊరికే మోగినది. మూడుసార్లూ నేను లోపలికి వెళ్లి వాసన చూసితిని. ఏమీ లేదు. ఊరికే మోగిన గంటకు, చెమటతో తడిసిన పిల్లలను చలిలోకి తరమమంటారా?

2. అమ్మోనియా కారితే ముందు తెలిసేది మంచు వేసేవాడి ముక్కుకే. ఈ మాటే విన్నవించుకుంటే కుమారి లవాలే, "అలారాన్ని ఏటా మేం పరీక్షిస్తాం, పెద్దాయనా. మీ ముక్కుని చివరిసారి ఎవరు పరీక్షించారు?" అన్నారు. క్యాంటీన్ వాళ్లందరి ముందూ! మూడు రోజులుగా ఊళ్లో ఎవరు ఎదురైనా "ఏం మెట్రో, ముక్కు కులాసానా?" అని పలకరిస్తున్నారు. తల ఎత్తుకోలేకపోతున్నాను.

3. ఇది మార్చి నెల. యంత్రాలు ఆపితే రేకుల కప్పు కింద మంచు రెండు రోజులు నిలవదు. శనివారం ఆట మా రింకులో జరగకపోతే అమ్మాయిల జట్టును పక్క ఊరి జట్టులో కలిపేస్తామని లీగు వారు వ్రాసి ఉన్నారు. పద్నాలుగు మంది పిల్లలు. గోల్‌కీపర్ నా మనుమరాలు కలీనా. మా ఊరి బడి పోయింది, ధాన్యం గోదాము పోయింది. చలికాలమంతా ముసలివాళ్లు కాలు జారకుండా నడిచేది మా గ్యాలరీ చుట్టూనే. ఎవరైనా పోతే భోజనాలు పెట్టేదీ మా హాల్లోనే. ఇది కూడా పోతే మాకింకేం మిగులుతుందయ్యా?

4. ఈ సాయంత్రం ఆరింటికి ప్రాక్టీసు ఉన్నది. యంత్రాలు చక్కగా నడుచుచున్నవి. నా ముక్కు హామీ.

కావున తాము దయతలచి నోటీసును రద్దు చేయించవలెను. మా ఊరి గోడు ఇంతే, చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మెట్రో హ్లుష్కో

తా.క.: సంతకం చేసి కవరు అంటిస్తుంటే నా భార్య స్టెఫా పక్కింటి నుంచి వచ్చి గుమ్మంలోనే అరిచింది. "ఏంటయ్యా ఇది! పొయ్యి మీద ఉల్లిపాయలు బొగ్గయిపోయాయి, ఇల్లంతా కంపు! పొయ్యికి వీపు పెట్టి కూర్చుని రాసుకుంటున్నావు, వాసన రావట్లా?"

రాలేదు. ఆవిడ బాణలి తెచ్చి నా ముక్కు కింద పెట్టింది. రాలేదు. కాఫీ డబ్బా మూత తీసి పెట్టింది. అదీ రాలేదు. గడియారం చూస్తే ఆరు కావస్తోంది.

రింకుకు ఎలా పరుగెత్తానో నాకే తెలియదు. కలీనా అప్పటికే స్కేట్లు కట్టుకుంటోంది. "తాతా, ఇవాళ ఏదో ఘాటుగా ఉంది, కళ్లు మండుతున్నాయి" అంది. పిల్లలందర్నీ బయటికి తోశాను. యంత్రాల గదికి బయట ఉన్న స్విచ్చి నేనే కట్టేశాను.

ఇప్పుడు రింకు ఎదుటి చర్చి మెట్ల మీద కూర్చుని ఇది రాస్తున్నాను. కాగితం మోకాలి మీద పెట్టుకుని రాస్తున్నాను, అక్షరాలకు క్షమించాలి. ఫైర్ వాళ్లు లోపలికి వెళ్లి అలారానికున్న మేజోడు లాగేశారు. అది మోగుతూనే ఉంది, ఇక్కడికి వినిపిస్తోంది. పద్నాలుగు మందినీ రెండుసార్లు లెక్కపెట్టాను. అందరూ ఉన్నారు. శనివారం ఆట లేదని వాళ్లకు ఇంకా ఎవరూ చెప్పలేదు. నేనే చెప్పాలి.

పై అర్జీ చింపేయండి. కుమారి లవాలేను రేపే పంపండి. నా ముక్కుని ఎవరు పరీక్షించారని ఆ అమ్మాయి అడిగింది కదా, నా భార్య పరీక్షించిందని చెప్పండి.