బుసకొట్టని ఆంప్లిఫయర్

ఏమోయ్, స్టీరియో పక్కనున్న నల్లడబ్బా నీ ఇయర్‌ఫోన్ల కోసం తెచ్చిన ఆంప్లిఫయర్. ఇకనుంచి వాటిని దీనికే గుచ్చు. ముందు సౌండు సున్నాకి తిప్పి, తర్వాతే చెవుల్లో పెట్టుకో. షాపులో పెద్దది పెట్టి చూస్తే బుసకొట్టింది. ఆ పనికి ఇంట్లో నువ్వున్నావు కదా అని చిన్నదే తెచ్చాను.

ఎల్ అని ఉన్నది ఎడమచెవికి, ఆర్ కుడిచెవికి. పాతికేళ్ళ కాపురంలో నా మాటలు పెట్టిన పెడచెవి ఏదో మాత్రం నీకే తెలియాలి.

అక్క ఇంటికి వెళ్తున్నాను, నెల దాకా రాను. ఆవిడ నా జోకులకి నవ్వదు గానీ, తిట్టడానికైనా వింటుంది. పొద్దున నీకు మూడుసార్లు చెప్పాను. నువ్వు తలూపావు. అది పాటకని తర్వాత తెలిసింది.

తా.క. ఇది చదివి తలూపకు. ఫోన్ చెయ్యి.